చెల్లని సంతకం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా బయల్దేరి, మీర్‌పేట, అల్మాస్‌గూడ వైపు దక్షిణంగా సాగితే బడంగ్‌పేట్ వస్తుంది. ఏ ఊరు ఎక్కడ ముగిసిందో, ఏది ఎక్కడ మొదలైందో ఇవాళ ఆ దారిలో పోల్చుకోలేం. ఇళ్ల వరుస ఎక్కడా తెగదు. ఒకప్పుడు ఇవన్నీ సరూర్‌నగర్ మండలంలోని వేర్వేరు పల్లెలు. బడంగ్‌పేట్, బాలాపూర్, నాదర్‌గుల్, కుర్మల్‌గూడ, గుర్రంగూడ, మామిడిపల్లి. దేని పొలాలు దానివి, దేని పంచాయతీ దానిది. ఆ పంచాయతీ ఆఫీసులో ఒక సర్పంచ్, ఒక కార్యదర్శి, ఒక గుండ్రటి రబ్బరు ముద్ర. ఆ ముద్ర వెలిగిన కాలాన్ని, అది కూలిన తీరును ఇక్కడ చెప్పుకోవాలి. దాన్ని నమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏ దొంగతనమూ చేయకుండానే వాళ్లు అక్రమ నిర్మాణదారులైపోయారు.

పల్లెలో ఇల్లు కట్టడానికి ఎవరి అనుమతి కావాలి? పాతకాలంలో ఆ ప్రశ్నే ఎవరికీ తట్టేది కాదు. మంచిరోజు చూసి సున్నంతో ముగ్గు పోసి, మేస్త్రీ తాడు కట్టేవాడు. పక్కింటివాడు వచ్చి, "నా గోడకు జానెడు ఇడ్సిపెట్టు తమ్మీ" అనేవాడు. వానాకాలంలో నీళ్లు ఏ వైపు పారతాయో ఊరి పెద్దమనిషికి ఎరుకే. కట్టినాక పంచాయతీ వాళ్లు వచ్చి ఇంటి నంబరు రాసి, ఇంటిపన్ను వేసేవాళ్లు. ఎవరైనా కాగితం అడిగితే సర్పంచ్ సంతకం పెట్టి ముద్ర కొట్టేవాడు. ఆ జాగా ఎవరిదో, దాని పక్కన ఏముందో, చెరువు ఎంతవరకు నిండుతుందో తెలిసిన మనిషి పెట్టిన సంతకం కాబట్టి అది చెల్లేది. అందులో మోసం చేసినవాడు మర్నాడు అదే ఊళ్లో ముఖం చూపించాలి.

ఆ సంతకం పతనం నగరం వైపు నుంచి వచ్చింది.

ఎల్బీనగర్, గడ్డిఅన్నారం ఒకప్పుడు హైదరాబాద్ శివారు మున్సిపాలిటీలు. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు ఆ రెండూ నగరంలో కలిసిపోయాయి. మరుసటి ఏడాది మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పనులు నడుస్తున్నాయి. నగరం అంచుకూ విమానాశ్రయానికీ నడుమ మిగిలిన నేలలో ఈ పల్లెలున్నాయి. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి పిల్లల చదువుల కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి అద్దె ఇళ్లలో ఉంటున్నవాళ్లకు వాటికంటే దగ్గరలో, అందే ధరలో మరో జాగా కనపడలేదు.

ఆ నేల ఎలా మారిపోయిందో చెప్పడానికి బాలాపూర్ లడ్డూ చాలు. 1994లో వినాయకుడి చేతిలోని లడ్డూను మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. పాడుకున్న రైతు దాన్ని తన పొలంలో చల్లితే పంట బాగా పండిందని ఊరు నమ్మింది. అప్పటినుంచి వేలం దాదాపు ఏటా జరుగుతూనే ఉంది. 2025లో ఆ లడ్డూ 35 లక్షలు పలికింది. ఈ 31 ఏళ్లలో లడ్డూ చల్లడానికి పొలాలే కరువైపోయాయి. ఆ 35 లక్షలు పంట తెచ్చిన సొమ్ము కాదు, ఆ పంట పండిన నేలకు వచ్చిన ధర.

ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు. లెక్క ప్రకారం లేఅవుట్ వేస్తే అందులో రోడ్లు పోవాలి, మురుగుకాలువకు జాగా పోవాలి, పార్కు కోసం పదో వంతు ఖాళీగా వదలాలి. ఇవన్నీ పోను మిగిలిందే అమ్ముకోవాలి. వెంచర్ వేసినవాడికి అది నష్టంగా కనిపించింది. 30 అడుగుల రోడ్డును 20 అడుగులు చేశాడు. పార్కు జాగాను కూడా ప్లాట్లు చేశాడు. సున్నం పూసిన హద్దురాళ్లు పాతి, ముందు ఒక కమాను నిలబెట్టి, నీలిరంగు నక్షా మీద సర్పంచ్ సంతకం పెట్టించుకున్నాడు. దానికి జీపీ లేఅవుట్, అంటే గ్రామ పంచాయతీ లేఅవుట్, అని పేరు పెట్టారు. శివార్లలో ఆ మాట వినని మనిషి ఉండడు. "పంచాయతీ పర్మిషన్ ఉంది సార్, ఏం పరేషాన్ లేదు" అనే మాట ఎంతమంది ఏజెంట్ల నోట వచ్చిందో లెక్క లేదు.

ఆ సంతకానికి అంత బలం చట్టంలో ఎన్నడూ లేదు. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, అందరూ హుడా అని పిలిచేది, 1975లోనే పుట్టింది. 2008లో దాని స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చింది. తమ పరిధిలోని ఊళ్లలో లేఅవుట్‌కు సాంకేతిక ఆమోదం ఇవ్వాల్సింది ఆ సంస్థలే. గ్రామ పంచాయతీలు లేఅవుట్లకు, ఇళ్లకు ఎలా అనుమతులివ్వాలో 2002లో ప్రత్యేకంగా నిబంధనలు కూడా రాశారు. ఆ ఆమోదం లేకుండా పంచాయతీ తనంత తానుగా పొలాన్ని ప్లాట్లుగా ఒప్పుకోవడం కుదరదు. ఈ సంగతి వెంచర్ వేసినవాడికి, సంతకం పెట్టినవాడికి, దస్తావేజు రాసినవాడికి తెలుసు. తెలియనివాడు కొన్నవాడొక్కడే.

ఆ కొన్నవాడిని ఒక్కసారి తలచుకోవాలి. దేవరకొండవాడో కల్వకుర్తివాడో అయి ఉంటాడు. ఆర్టీసీలో డ్రైవరో, ప్రైవేటు బడిలో పంతులో, దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణంలో గుమాస్తానో. చీటీ పాడి, ఊళ్లో రెండెకరాలు అమ్మి, ఇల్లాలి పుస్తెలతాడు కుదువపెట్టి 150 గజాలో 200 గజాలో కొన్నాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి, స్టాంపు డ్యూటీ కట్టి, దస్తావేజు చేతిలో పట్టుకుని బయటికి వచ్చిన రోజున తనకు సర్కారే హామీ ఇచ్చిందనుకున్నాడు. అనుకోడా మరి? ముద్ర సర్కారుది, డబ్బు తీసుకున్నది సర్కారు. ఆ ఆఫీసు నమోదు చేసేది దస్తావేజును మాత్రమేనని, ఆ లేఅవుట్ సక్రమమని అది హామీ ఇవ్వదని, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నడిచే తీరే అంతని ఆ గుమ్మం దగ్గర అతనికి ఎవరు చెప్పారు?

బ్యాంకుకు వెళ్లాక మొదటి దెబ్బ తగిలింది. హుడా లేఅవుట్ కాదు కాబట్టి ఇంటి అప్పు ఇవ్వలేమన్నారు. అందుకే ఆ కాలనీల్లో ఇళ్లు ఏళ్ల తరబడి విడతలు విడతలుగా లేచాయి. ఒక ఏడు బేస్‌మెంటు, రెండేళ్ల తర్వాత గోడలు, చీటీ ఎత్తినప్పుడు స్లాబు, పిల్ల పెళ్లికి ముందు గిలాబు. పంచాయతీ ఇంటి అనుమతి కాగితం ఇచ్చింది, ఇంటిపన్ను తీసుకుంది. కరెంటోళ్లు మీటరు పెట్టారు. ఓటరు జాబితాలో ఆ ఇంటి నంబరు ఎక్కింది. సర్కారులో ఎన్ని చేతులున్నాయో అన్నీ ఆ ఇంటిని గుర్తించాయి, ఇల్లు కట్టుకోవచ్చో లేదో తేల్చే చెయ్యి తప్ప.

ఈలోగా సంతకానికి కూడా చెడ్డరోజులు వచ్చాయి. ఊరు మున్సిపాలిటీ కాబోతోందని కబురు అందిన ప్రతిసారీ నగర శివారు పల్లెల్లో ఒకటే హడావుడి. పాత తేదీలు వేసి పంచాయతీ అనుమతులు పుట్టించారని అప్పట్లో పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. ఊరిని ఎరిగిన మనిషి పెట్టే సంతకం కాస్తా ధర కట్టి అమ్మే సరుకైంది. నిజంగా ఆ తేదీన అడిగి, నిజంగా ఇల్లు కట్టుకున్నవాడి కాగితానికీ, వెనక తేదీ వేయించుకున్నవాడి కాగితానికీ తేడా చెప్పడం ఎవరివల్లా కాలేదు. చివరికి రెండింటినీ ఒకే గంపలో పడేశారు. ఈ పతనంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే. దొంగ సంతకాలు ఊరి సంతకాన్ని చంపేశాయి.

2007 డిసెంబరు 31న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెండు ఉత్తర్వులు ఇచ్చింది. ఒకటి అనుమతి లేని ఇళ్లను జరిమానాతో క్రమబద్ధీకరించడానికి, రెండోది అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లకు. ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అనే మూడక్షరాలు ఇళ్లలోకి అడుగుపెట్టింది అప్పుడే. ఇదే చివరి అవకాశం అన్నారు. తెలంగాణ వచ్చాక 2015 నవంబరులో మళ్లీ రెండు ఉత్తర్వులు వచ్చాయి, మళ్లీ చివరి అవకాశమే అన్నారు. అప్పటి ఇళ్ల క్రమబద్ధీకరణ హైకోర్టులో చిక్కుకుంది, ఆ దరఖాస్తులు ఏళ్ల తరబడి తేలలేదు. ఇలా క్రమబద్ధీకరణ వచ్చినప్పుడల్లా వెంచర్లు వేసేవాళ్లకు ఒక్కటే అర్థమైంది. ఇవాళ అక్రమంగా వేసినా, రేపు కొన్నవాడు డబ్బు కట్టి సక్రమం చేసుకుంటాడు. నష్టం తమకు రాదు.

అసలు పిడుగు 2020లో పడింది. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రిజిస్టర్ చేయొద్దని 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం చెప్పాయి. 2020 ఆగస్టు 26న ఆ మాటను అమలు చేశారు. తెల్లారేసరికి ఆ ప్లాట్లు అమ్ముకోవడానికి లేకుండా పోయాయి. ఆగస్టు 31న 131వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన ప్లాటు ఉన్నవాళ్లు 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి, గడువు అక్టోబరు 15. మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. లింకు డాక్యుమెంట్ల కోసం, ఈసీ కోసం, నక్షా జిరాక్సు కోసం పరుగులు.

ఆ గడువుకు రెండు రోజుల ముందు వాన మొదలైంది.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ తూర్పు శివార్లలో కురిసిన వాన జనం జ్ఞాపకంలో ఇంకా చెరగలేదు. హయత్‌నగర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్ల దరిదాపు పడింది. మీర్‌పేటలో మిథిలానగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మళ్లీ వాన కొట్టి, ఆ వారాంతంలో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. కింద ఉన్న హఫీజ్ బాబానగర్ బస్తీల్లోకి నీళ్లు విరుచుకుపడ్డాయి. ఊరి పెద్దమనిషికి ఎరుకైన సంగతిని, నీళ్లు ఏ వైపు పారతాయన్నదాన్ని, ఏ నక్షాలోనూ గీయకుండా ప్లాట్లు అమ్మారని ఆ వానల్లో అందరికీ అర్థమైంది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే జాగాలోనూ, నాలా పక్కన వదలాల్సిన అంచులోనూ ఉన్న ప్లాట్లను క్రమబద్ధీకరించేది లేదని 131వ ఉత్తర్వే చెప్పింది. నియమం సరైనదే, దాని గురించి నాకు రెండో మాట లేదు. కానీ నడుములోతు నీళ్లలో దస్తావేజు కాగితాలు నెత్తిన పెట్టుకుని మేడెక్కిన మనిషి, ఆ వారంలోనే ఎల్‌ఆర్‌ఎస్ గడువు గురించి కూడా ఆలోచించాల్సి వచ్చింది. గడువును నెలాఖరుకు పొడిగించారు. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తలకు 1,000 చొప్పున వేసినా దరఖాస్తు రుసుమే 250 కోట్లు దాటింది.

ఆ డిసెంబరు చివర, ఒకసారి రిజిస్టరైన ప్లాట్లను మళ్లీ అమ్ముకోవచ్చని సడలించారు. అమ్ముకునే వీలు దొరికింది కానీ ఇల్లు కట్టుకునే వీలు మాత్రం ఎల్‌ఆర్‌ఎస్‌కే ముడిపడి ఉండిపోయింది. దరఖాస్తులు ఏళ్లకేళ్లు కదలలేదు. ఎన్నికలు దగ్గరపడితే ఉచితంగా చేస్తామన్న మాటలు వినపడ్డాయి, ఎన్నికలయ్యాక వినపడలేదు. 2025లో మార్చి నెలాఖరులోగా కడితే 25 శాతం రాయితీ అన్నారు, తర్వాత ఆ గడువునూ పొడిగించారు. ఐదేళ్ల కింద దరఖాస్తు పెట్టిన ఇంటిపెద్దల్లో కొందరు అప్పటికే ఈ లోకంలో లేరు. వారసులు మళ్లీ కాగితాలు పట్టుకుని తిరిగారు.

కట్టాల్సిన డబ్బులో ఒక్క పద్దు దగ్గర ఆగి చూడండి. లేఅవుట్‌లో పార్కుకు పదో వంతు జాగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. 200 గజాల ప్లాటు, గజం సర్కారు విలువ 4,000 అనుకుందాం. మొత్తం విలువ 8 లక్షలు, అందులో 14 శాతం 1,12,000. క్రమబద్ధీకరణ రుసుము దీనికి వేరే. ఆ పార్కు జాగాను మింగినవాడు వెంచర్ వేసినవాడు, ఆ జాగా అమ్మకం డబ్బూ అతని జేబులోకే పోయింది. ఆ పార్కు పిల్లలకు దక్కకుండా పోయిన కాలనీవాసే దాని ఖరీదు కట్టాలి. దరఖాస్తు ఫారంలో కొన్నవాడి పేరుంది, ఆధార్ ఉంది, ఫోన్ నంబరుంది. అమ్మినవాడు బాధ్యుడిగా కట్టాల్సిన గడి ఎక్కడా లేదు.

ఇక్కడే మరో దేశం సంగతి గుర్తుకొస్తుంది. పెరూలో సర్కారు నేల మీద చట్టబద్ధంగా ఇల్లు కట్టుకోవాలంటే ఏం చేయాలో ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో బృందం లెక్కగట్టింది. 52 ఆఫీసుల్లో 207 మెట్లు ఎక్కాలి, 6 సంవత్సరాల 11 నెలలు పడుతుంది. అక్కడి పేదవాడికి కాగితం రానే రాలేదు కనుక చట్టానికి బయటే ఇల్లు వేసుకున్నాడు. మన శివార్లలో కాగితం వెంటనే వచ్చింది, మర్యాదగా వచ్చింది, ముద్రతో సహా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత చెల్లదన్నారు. మొదటే రాదని తెలిసినవాడికి కనీసం తానెక్కడున్నాడో తెలుసు. మనవాడు చట్టం లోపలే ఉన్నాననుకుని తన కష్టార్జితమంతా అందులో పోశాడు.

మంచి జరగలేదని అనను. 2020 నవంబరులో ఇంటి అనుమతులకు టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి మొదలైంది. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకునేవాడు ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు, అనుమతి అక్కర్లేదన్నారు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకు మించితే 21 రోజులు. ఆఫీసు చుట్టూ తిరగడం, ఫైలు మీద చెయ్యి తడపడం ఇష్టంలేని మనిషికి అది గొప్ప ఊరట. 2025లో దాని స్థానంలో బిల్డ్‌నౌ వచ్చింది. అయితే ఈ తలుపులు తెరుచుకునేది ఆమోదం పొందిన లేఅవుట్ నంబరుకో, ఎల్‌ఆర్‌ఎస్ ఉత్తర్వుకో. సర్పంచ్ సంతకంతో వచ్చినవాడు మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడ్డాడు. సొంత ధ్రువీకరణలో అబద్ధం చెబితే నోటీసు కూడా లేకుండా కూల్చవచ్చు. తన లేఅవుట్ చరిత్ర తనకే సరిగా తెలియనివాడు ఏ ధైర్యంతో ధ్రువీకరించాలి?

ఇంతలో సంతకం పెట్టిన పంచాయతీయే పోయింది. బడంగ్‌పేట్ తెలంగాణ రాకముందే నగర పంచాయతీ అయింది. 2016 జిల్లాల పునర్విభజనలో సరూర్‌నగర్ మండలం నుంచి విడిపోయి బాలాపూర్ మండలంలోకి వచ్చింది. 2019లో చుట్టుపక్కల ఊళ్లతో కలిసి మున్సిపల్ కార్పొరేషన్ అయింది. 2020 జనవరిలో ఎన్నికలు జరిగి, నిన్నటి పల్లెకు మేయర్ వచ్చారు. ఆ పాలకవర్గం ఐదేళ్ల గడువు ముగిసిన ఏడాదే, 2025 డిసెంబరులో, శివార్లలోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లలో ఒకటిగా బడంగ్‌పేట్‌నూ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. రాజ్యాలు కూలడానికి తరాలు పట్టేవి. ఈ ఊరి పాలన ఒక్క తరం కళ్లముందే పదేపదే చేతులు మారింది. పాత రిజిస్టరు ఏ బీరువాలో ఉందో చెప్పాల్సిన కార్యదర్శి ఎక్కడికి బదిలీ అయ్యాడో తెలియదు. ఇరవై ఏళ్ల కిందటి అనుమతి కాగితం నిజమైనదని నిరూపించాలంటే, అది ఇచ్చిన ఆఫీసు ఉండాలి కదా.

గ్రామ పంచాయతీకి ఆ హక్కులు తిరిగి ఇవ్వాలని నేను కోరను. చెరువులు పోయినా, రోడ్లు ఇరుకైనా ఆ సంతకాల వల్లే. కానీ ఈ పతనంలో శిక్ష ఎవరికి పడిందో చూస్తే మనసు ఒప్పుకోదు. వెంచర్ వేసినవాడు పక్క మండలంలో ఇంకో కమాను కట్టాడు. సంతకం పెట్టినవాడు పదవి దిగి పక్కకు తప్పుకున్నాడు. స్టాంపు డ్యూటీ తీసుకున్న ఖజానా దాన్ని వాపసు ఇవ్వలేదు. దరఖాస్తు రుసుము, క్రమబద్ధీకరణ రుసుము, 14 శాతం, ఇవన్నీ కట్టింది డ్రైవరు, పంతులు, గుమాస్తా. ఇది న్యాయం కాదు.

కాలనీ సంఘాల పెద్దలకు ఒక్క విన్నపం. పార్కు జాగా లేదన్న పేరు మీద వసూలు చేసిన డబ్బు ఆ కాలనీల సౌకర్యాలకే తిరిగి రావాలి. మీ వీధిలో ఎవరెవరు ఎల్‌ఆర్‌ఎస్ కట్టారో రసీదులన్నీ ఒకచోట చేర్చండి. మొత్తం కూడండి. ఆ మొత్తంలో మీ కాలనీ మురుగుకాలువకు ఎంత, రోడ్డుకు ఎంత, పిల్లల ఆటస్థలానికి ఎంత ఖర్చు పెట్టారో లెక్క చెప్పమని మీ సర్కిల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. డబ్బు కట్టిన రసీదు మీ చేతిలో ఉంది, అడిగే హక్కు మీకుంది.